బీరువా వచ్చిన దారి

"సోమవారం పొద్దున వస్తాను. చూస్తాను. అంతే." టీచరమ్మ పంపిన ఆ మూడు ముక్కల మెసేజ్‌ను లంబూ పదిసార్లు చదువుకుంటూ ఉండగా క్రితం వారం ఆగాం. ఆ సోమవారం వచ్చింది. హాలు మళ్ళీ తెరవడానికి ఇక పన్నెండు రోజులే ఉన్నాయి.

మధ్యలో చదవడం మొదలుపెట్టినవాళ్ళకి కాస్త వెనకటి సంగతి. పెద్ద చెప్పుల దుకాణం కింద, ఒకప్పుడు సరుకు దాచిన నేలమాళిగ అది. ముప్ఫై ఏళ్ళ కింద లంబూ, టీచరమ్మ కలిసి దాన్ని నవ్వుల హాలుగా మార్చారు. నూటపది కుర్చీలు, నడిమధ్యలో ఎవరూ కదిలించలేని ఒక స్తంభం, అటు చివర చెక్క స్టేజి. ప్రతి శనివారం సాయంత్రం పది పన్నెండు స్కిట్లు. రాసేది టీచరమ్మ, ఆడేది ఇద్దరూ, ఇంకో నలుగురూ. ఆమె బడిలో లెక్కలు చెప్పేది. రిహార్సల్లో మాట తప్పు పలికినవాళ్ళ మీదికి సుద్దముక్క విసిరేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. లంబూకి ఆ పేరు ఎందుకొచ్చిందో అతన్ని చూస్తే చాలు. నేలమాళిగ కప్పు తలకి తగలకుండా ఇన్నేళ్ళూ కాస్త వంగే నడిచాడు.

తొమ్మిదేళ్ళ కింద టీచరమ్మకి వెన్నులో గడ్డ లేచి ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, కాళ్ళు దక్కలేదు. హాల్లోకి దిగడానికి పంతొమ్మిది మెట్లు. రెండేళ్ళ కింద గోడలు తడిసి హాలు మూతపడిందని ఆమెకి ఎవరో చెప్పారు. ఇప్పుడు మళ్ళీ తెరుస్తున్నామనీ, ఈసారి మెట్లు దిగక్కర్లేదనీ లంబూ రాశాడు.

టీచరమ్మ చెల్లెలు కారు దుకాణం ముందు ఆపబోయింది.

"ముందు వద్దు. వెనక సందులోకి పోనివ్వు. అటు రమ్మన్నాడు" అంది టీచరమ్మ.

వెనక సందు ముందు వీధికంటే బాగా పల్లం. చెల్లెలు డిక్కీలోంచి చక్రాల కుర్చీ దించి, అక్కని కూర్చోబెట్టి, "గంటలో వస్తాను. కోపం వస్తే ముందే ఫోన్ చెయ్యి" అని వెళ్ళిపోయింది.

లంబూ ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేకపోయినా వంగే ఉన్నాడు. ఇద్దరూ ఎదురుపడి మూడేళ్ళు దాటింది. ఆపరేషన్ అయిన కొత్తలో వారం వారం ఇంటికి వచ్చేవాడు. తరవాత ఫోన్లు. ఆ తరవాత ఫోన్లు కూడా మానేసి, పండక్కో పుట్టినరోజుకో మెసేజ్‌లు. మొహం చాటేస్తున్నాడని టీచరమ్మ అనుకుంది. అనుకుని ఊరుకుంది.

"చిక్కిపోయావు" అన్నాడతను, ఆమె మొహంలోకి చూస్తూ.

"నువ్వు పొట్టివాడివైపోయావు."

"కరిగిపోతున్నాను. ఇంకో పదేళ్ళకి మామూలు మనిషినైపోతాను."

ఆమె నవ్వలేదు గానీ, నవ్వు వచ్చి పెదవి దగ్గర ఆగిన సంగతి అతను కనిపెట్టాడు.

సందులోంచి తలుపు దాకా కొత్త సిమెంటు వాలు, పక్కన పట్టుకోవడానికి పసుపు రంగు పైపు. లంబూ కుర్చీ వెనక్కి రాబోతుంటే, "చెయ్యి వెయ్యకు" అంది. తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ దిగింది. మధ్యలో ఆగి, చేతులు వదిలేసి చూసింది. కుర్చీ జారిపోలేదు.

"ఎవరు కట్టారిది?"

తలుపు దగ్గర చెక్కపొట్టు ఊడుస్తున్న వడ్రంగి చీపురు పక్కన పెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి, చెవి మీద పెన్సిలు. "నేనేనమ్మా. చెక్కపనీ, సిమెంటు పనీ రెండూ నావే. మా అత్తగారు కూడా కుర్చీలోనే ఉంటారు. ఆవిణ్ణి తీసుకొచ్చి కూర్చోబెట్టి మూడుసార్లు పగలగొట్టి సరిచేశాను. ఆవిడ దేన్నీ ఒక పట్టాన ఒప్పుకోదు."

"ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి" అంది టీచరమ్మ. అంటూనే తలుపు వైపు చూసి ఆగిపోయింది.

రెండు రెక్కల వెడల్పాటి తలుపు. పచ్చరంగు పెచ్చులూడింది. కుడిరెక్క మీద మూరెడు పొడవున లోతైన గీత. ఆమె వేలితో ఆ గీతను తడిమింది.

"ఇది బీరువాది కదూ?"

"గుర్తుందా?" లంబూ మొహం వెలిగిపోయింది.

ఎందుకు గుర్తుండదు? రెండో ఏడాది. ఇంటికి అప్పులవాడు వచ్చాడని ఒక కుటుంబం మొత్తం ఒకరి తరవాత ఒకరు బీరువాలో దాక్కునే స్కిట్. చివరికి తలుపు తీస్తే, లోపల అందరికంటే ముందే దాక్కున్న అప్పులవాడు ఉంటాడు. దానికోసం పాత సామాను కొట్టు నుంచి ఏనుగంత టేకు బీరువా తెచ్చారు. మెట్ల మీంచి దిగలేదు. అందరూ కలిసి సందు చుట్టూ తిప్పి, సరుకు దించే ఈ తలుపులోంచి తోశారు. సగంలో ఇరుక్కుంది. లంబూ లోపల, టీచరమ్మ బయట, మధ్యలో బీరువా. అరగంట సేపు దాని పక్క సందులోంచి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. ఆ తిట్లలో బాగున్నవన్నీ ఆమె మర్నాడు స్కిట్‌లో రాసింది.

టీచరమ్మకి ఈసారి నవ్వు ఆగలేదు. గట్టిగానే నవ్వింది. తరవాత ఆ నవ్వు మెల్లగా సన్నబడి, ఆగిపోయింది.

"అంటే ఈ తలుపు మొదటి నుంచీ ఉంది."

"ఆఁ. దుకాణం వాళ్ళు అట్టపెట్టెలు అడ్డం పేర్చేశారు. మేమూ మర్చిపోయాం. మొన్న ఈ మేస్త్రి వచ్చి అవన్నీ తీసేదాకా..."

"బీరువా ఈ దారినే వచ్చింది."

"అవును."

"బీరువాకి దారి దొరికింది లంబూ. తొమ్మిదేళ్ళలో నాకు దొరకలేదు."

వడ్రంగి మళ్ళీ చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే ఊడవడం మొదలుపెట్టాడు.

లోపలికి రాగానే తోలు వాసన, రబ్బరు జిగురు వాసన. గోడలకి కొత్త సున్నం వేసినా ఆ వాసన పోలేదు. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఈ వాసన పీల్చుకుంటూనే కదా, శనివారం సాయంత్రాలు మెట్ల కింద గదిలో ఒక బల్బు వెలుతురులో బొట్టు సరిచేసుకుంటూ, బయట హాల్లో జనం కుర్చీలు లాక్కుంటున్న చప్పుడు లెక్కపెట్టింది. మూడో వరసలో ఎక్కిళ్ళలా నవ్వే పెద్దమనిషి ఉండేవాడు. అందరి నవ్వూ అయిపోయాక అతనిది మొదలయ్యేది. అతను ఆగేదాకా ఆటగాళ్ళు కూడా ఆగేవాళ్ళు. ఒక వారం అతను రాకపోతే ఆట మొత్తం చప్పగా నడిచింది. స్తంభం వెనక సీటు ఎవరికి పడితే వాళ్ళ కోసం ప్రతి స్కిట్‌లోనూ ఒక మాట ఉండేది. "వెనకున్న స్తంభంగారూ, ఇప్పుడు నేను ఏడుస్తున్నాను, చూసుకోండి" అని లంబూ అనేవాడు. చివరికి ఆ సీటు కోసం జనం పోటీపడ్డారు.

లంబూ ఒక్కొక్కటే చూపించాడు. మెట్లెక్కి వెళ్ళాల్సిన బాత్రూము ఇప్పుడు నేల మట్టానికి వచ్చింది. తలుపు వెడల్పు చేశారు, లోపల పట్టుకోవడానికి కమ్మీలు. టికెట్ల బల్ల ఎత్తు తగ్గించారు. స్టేజి పక్కన నల్లటి తెర, ఆడుతున్న మాటలు అక్షరాల్లో దాని మీద కనిపిస్తాయట.

"అదెందుకు?"

"చెవులు వినపడనివాళ్ళ కోసం."

"ఎవరైనా అడిగారా?"

"ఎవరో ఒకరు ఉంటారుగా" అని అతను ముందుకి నడిచాడు.

మూడో వరస మధ్యలో మూడు కుర్చీలు తీసేసి చోటు చేశారు. సరిగ్గా స్టేజి మధ్యకి ఎదురుగా. పక్కన చిన్న గుంజకి ఇత్తడి పలక, దాని మీద చెక్కిన అక్షరాలు: టీచరమ్మ.

"ఇది నీది" అన్నాడు లంబూ. "నువ్వు రాని రోజున కూడా ఇక్కడ ఎవరూ కూర్చోరు."

ఆమె ఆ చోటులోకి కుర్చీ తిప్పుకుంది. ఎదురుగా స్టేజి. మూడడుగుల ఎత్తు, పక్కన నాలుగు మెట్లు. ఆ పలకల మీద ఇరవయ్యొక్క ఏళ్ళు ఆమె నడిచింది, పడింది, ఒకసారి కాలు బెణికించుకుంది. ఎక్కడ కిర్రుమంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

"పైకి దారి ఎటు?"

"ఏ పైకి?"

"స్టేజి పైకి."

లంబూ అర్థం కానట్టు చూశాడు. "స్టేజి మీదికి ఎందుకు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. టీచరమ్మ ఇత్తడి పలకని చూసింది, అతన్ని చూసింది.

"ఇరవై రెండో వార్షికోత్సవం గుర్తుందా నీకు?" అంది మెల్లగా. "నేను ఇంటి దగ్గరే ఉంటానంటే వినకుండా నలుగురిని పంపించావు. కుర్చీతో సహా ఎత్తి, పంతొమ్మిది మెట్లూ దించారు. ఒకడి చెయ్యి జారితే నా ప్రాణం గోడకి తగిలి వచ్చింది. కిందికి రాగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అన్నేళ్ళు ఆడాను, రాశాను, ఎవరూ లేచి నిలబడలేదు. మెట్లు దిగినందుకు కొట్టారు. అది కూడా నేను దిగలేదు."

"నాకు తెలీదు..."

"బాత్రూముకి మళ్ళీ మెట్లెక్కించాలని మూడు గంటలు మంచినీళ్ళు ముట్టుకోలేదు. నువ్వు స్టేజి మీంచి నన్ను చూపించి రెండు మంచి మాటలు చెప్పావు. నేను నవ్వాను. మళ్ళీ రాలేదు. ఎందుకు రావడం లేదని నువ్వు ఒక్కసారీ అడగలేదు."

"అడిగితే నువ్వు బాధపడతావేమోనని."

"అడగనందుకు పడ్డాను."

లంబూకి ఏం చెయ్యాలో తెలియక, వంగి ఇత్తడి పలక మేకు సరిచేయసాగాడు. అది సరిగ్గానే ఉంది. ఆమె కుర్చీ వెనక్కి తిప్పుకుని స్తంభం దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి, అతని వీపు వైపు చూస్తూ అంది:

"కూర్చుని చూడ్డానికి నన్ను పిలిచావు. ఆడడానికి పిలవాలని నీకు తట్టలేదు కదూ?"

అతను జవాబు చెప్పలేదు. మేకు తిప్పుతూనే ఉన్నాడు.

"నిన్నే అడుగుతున్నాను."

జవాబు లేదు. పౌరుషానికి పోయాడేమోనని మొదట అనుకుంది. అప్పుడు వడ్రంగి తలుపు దగ్గర్నుంచి, "సార్, ఆ రంపం ఇక్కడే ఉంచనా?" అని రెండుసార్లు కేకేశాడు. దానికీ లంబూ తల తిప్పలేదు. తను వచ్చినప్పటి నుంచీ అతను తన పెదవుల వైపే చూస్తున్నాడని టీచరమ్మకి ఇప్పుడు తట్టింది. ఫోన్లు మానేసి మెసేజ్‌లు. అక్షరాల తెర.

మామూలు గొంతుతోనే అంది: "లంబూ, నీ ప్యాంటు వెనక కుట్లు ఊడిపోయాయి."

వడ్రంగి చటుక్కున అటు చూశాడు. లంబూ చూడలేదు. ఏళ్ళ తరబడి జనం ముందు నిలబడిన మనిషి, ఆ మాట వింటే నిద్రలో కూడా చెయ్యి వెనక్కి పోవాల్సిన మనిషి, మేకు తిప్పుతూనే ఉన్నాడు.

ఆమె కుర్చీ తోసుకుంటూ వచ్చి అతని ఎదురుగా ఆగింది. అతను తలెత్తి ఆమె మొహం చూశాడు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎన్నాళ్ళైంది?" అని అడిగింది, పెదవులు స్పష్టంగా కదుపుతూ.

"కుడిది పూర్తిగా పోయి మూడేళ్ళు. ఎడమది పోతోంది." అతను నేల మీదే కూర్చున్నాడు. కూర్చుంటే ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులోకి వచ్చాయి. "చెవి మిషను ఇచ్చారు. ఇంట్లో పెట్టుకుంటే ఫరవాలేదు. ఇక్కడ పెట్టుకుంటే నవ్వూ, దగ్గూ, కుర్చీల చప్పుడూ అంతా ఒకటే రొద. నవ్వు ఎక్కడ మొదలైందో, ఎక్కడ తగ్గుతోందో తెలీదు. నీకు చెప్పక్కర్లేదు, నవ్వు ఇంకా ఉండగానే తరవాతి మాట అంటే ఆ మాట మునిగిపోతుంది. నవ్వు చల్లారాక అంటే ఆటే మునిగిపోతుంది. ఆఖరి శనివారం మూడుసార్లు మునిగాను. వెనక నుంచి ఎవరో ఏదో అరిచారు. ఏమన్నారో కూడా నాకు వినపడలేదు. అందరూ నా వైపు జాలిగా చూశారు. అది మాత్రం కనపడింది."

"గోడలు తడిశాయని మూసేశారన్నారు."

"తడిసిన మాట నిజమే. తడిసి అప్పటికి పదేళ్ళైంది."

ఆమె ఇత్తడి పలక వైపు చూసింది. ఆ చోటు స్టేజికి సరిగ్గా ఎదురుగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. "నవ్వు తగ్గగానే నేను ఇక్కణ్ణుంచి చెయ్యెత్తాలి. అంతేనా?"

"నీకంటే బాగా నవ్వు లెక్క తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

"అంటే ఆ వాలు, ఆ తలుపు, అవన్నీ నీ కోసం కట్టించుకున్నావు."

"ఇద్దరి కోసం."

"లంబూ."

అతను తల దించుకున్నాడు. "మొదట నా కోసమే. మేస్త్రి అత్తగారు వచ్చి ఆ వాలు మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టాక, ఆ తిట్లన్నీ తొమ్మిదేళ్ళ కింద నువ్వు తిట్టాల్సినవని అర్థమైంది."

టీచరమ్మకి కోపం ఉంది. ఎక్కడికీ పోలేదు. కానీ ఆ కోపం పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది. తను రాని ఏళ్ళలో ఈ మనిషి నవ్వు వినపడని హాల్లో ఒంటరిగా నిలబడ్డాడన్నది.

"టికెట్ల బల్ల ఇటు లాగించు" అంది.

వడ్రంగి బల్ల లాక్కొచ్చాడు. ఆమె దాని వెనక్కి చేరింది. లంబూ ముందు నిలబడ్డాడు. ఏ స్కిట్టో ఎవరూ చెప్పుకోలేదు. "పోయిన వస్తువుల కౌంటరు" వాళ్ళిద్దరూ అన్నిటికంటే ఎక్కువసార్లు ఆడింది.

"మేస్త్రిగారూ, మీరు జనం. అక్కడ కూర్చోండి. నవ్వొస్తేనే నవ్వండి" అంది టీచరమ్మ. తరవాత లంబూ చెయ్యి తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కన తన చెయ్యి పెట్టుకుంది. కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుంది.

"ఏం పోయింది?"

"అదే గుర్తు లేదండి."

"రంగు?"

"చూస్తే చెప్తాను."

"ఎప్పుడు పోయింది?"

"ఉన్నన్నాళ్ళూ ఉన్నట్టే తెలీలేదండి. పోయాక తెలిసింది."

వడ్రంగి నవ్వాడు. అతని నవ్వు కిందనుంచి పైకి మెల్లగా వచ్చి, భుజాలు కదిపి, తగ్గుముఖం పట్టింది. సరిగ్గా అక్కడ టీచరమ్మ వేలు లంబూ చేతి మీద తట్టింది. ఎవరికీ కనపడనంత చిన్నగా.

"అందుకే పెద్ద వస్తువే అయ్యుంటుందని అనుమానం" అన్నాడు లంబూ.

మాట నవ్వు వదిలిన ఖాళీలో పడింది. వడ్రంగి ఈసారి పొట్ట పట్టుకున్నాడు.

"అలాంటివి ఈ కౌంటరులో ఉండవు. పక్క కౌంటరుకి వెళ్ళండి."

"అక్కడ ఎవరుంటారండి?"

ఒకప్పుడు ఇక్కడ ఆమె లేచి పరుగెత్తి బల్ల అటు చివరకి వెళ్ళేది. ఇప్పుడు ఒక్క చేత్తో చక్రం తోసింది. కుర్చీ నున్నగా, ఏమీ ఎరగనట్టు, గుమస్తా దర్జాతో అటు చివరకి జారింది. కళ్ళజోడు తీసేసి, "చెప్పండి, ఏం పోయింది?" అంది.

వడ్రంగి కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. లంబూకి అతని నవ్వు వినపడలేదు, కానీ అతన్ని చూసి తనూ నవ్వాడు. ఆట మధ్యలో ఆటగాడు నవ్వితే ఒకప్పుడు సుద్దముక్క పడేది. టీచరమ్మ ఏమీ విసరలేదు. పరుగెత్తడం కంటే ఇదే బాగుందని లోపల రాసుకుంటోంది.

"నేను చెయ్యెత్తడానికి రాను" అంది కాసేపటికి. "వస్తే నీ పక్కకి వస్తాను. ఆ పైకి. లేదంటే ఇప్పుడే చెల్లెలికి ఫోన్ చేస్తాను."

వడ్రంగి కళ్ళు తుడుచుకుని స్టేజి వైపు చూశాడు. "మూడడుగుల ఎత్తుకి ముప్ఫై ఆరడుగుల వాలు కావాలమ్మా. హాలులో అంత చోటు లేదు."

"స్టేజిని ఒక్క అడుగుకి తగ్గిస్తే?" అంది లెక్కల టీచరమ్మ.

"పన్నెండు. గోడ వెంట సరిపోతుంది. స్టేజి కింద గుంజలు కొయ్యాలి, అంతే."

లంబూ అడ్డంగా తలూపాడు. "స్టేజి ముట్టుకోకూడదు. పైన దుకాణం ఆయన మిగతా అన్నిటికీ సరేనన్నాడు గానీ, అది మాత్రం వాళ్ళ నాన్న చేత్తో కట్టినదట. సరుకు పెట్టెల చెక్కతో, మన కోసమే కట్టాడు పెద్దాయన. మేకు కూడా కొట్టొద్దన్నాడు. హాలు మనకిచ్చే కాగితం మీద ఇవాళే సంతకం పెడతానన్నాడు."

"అయితే ఆయన్నే అడుగుదాం."

"అడిగితే కాదంటాడు. కాదంటే ఊరుకోవాలి. నిన్ను అడక్కుండా ఊరుకున్నవాణ్ణి, ఆయన్ని అడిగి ఊరుకోమంటావా?"

అతను స్టేజి దగ్గరికి వెళ్ళి, పాత పలకల మీద అరచెయ్యి పెట్టి నిమిషం సేపు నిలబడ్డాడు. తరవాత వడ్రంగి వైపు చెయ్యి చాపాడు. వడ్రంగి టీచరమ్మని చూశాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు. రంపం చేతులు మారింది.

లంబూ వాళ్ళకి వీపు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి గుంజ మీద రంపం ఆనించాడు. ముప్ఫై ఏళ్ళ చెక్క పొడి పొడిగా రాలసాగింది. గుంజ సగం దాకా తెగింది.

అప్పుడు పై నుంచి బూట్ల చప్పుడు. ఒక్కో మెట్టూ దిగుతూ, తీరిగ్గా. టీచరమ్మ విన్నది, వడ్రంగి విన్నాడు. పంతొమ్మిదో మెట్టు దిగి, చేతిలో కాగితాలతో దుకాణం యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. రాలుతున్న పొట్టును చూశాడు.

"ఏం చేస్తున్నావు?" అని హాలు మారుమోగేలా అడిగాడు.

లంబూ రంపం ఆపలేదు.